డిక్కీలో గొట్టం

ఎలియేజరు అబద్ధం ఆడడు. ఆడితే అది అబద్ధంలా ఉండదు, అంతే తేడా. తుని దగ్గర లారీ క్లీనరుగా ఉన్న రోజుల్లో టైరు మీద ఇనపరాడ్డుతో ఒక్క దెబ్బ వేసి, "లోపలి చక్రంలో మేకు దిగింది. రెండంగుళాలది. అన్నవరంలో కొన్నది" అని చెప్పేవాడట. డ్రైవరు విప్పి చూస్తే సరిగ్గా రెండంగుళాల మేకు. ఏ కొట్లో కొన్నారో కూడా చెప్పగలిగేవాడేగానీ, కొట్టువాడి పరువు పోతుందని ఊరుకునేవాడట. సాక్షి ఎవరయ్యా అంటే ఆ డ్రైవరే. ఆ డ్రైవరు ఎక్కడున్నాడయ్యా అంటే, పోయి పన్నెండేళ్లు.

ఇలాంటి మనిషికి దేవుడు వినేవాళ్లని ఇచ్చి ఉండాల్సింది. ఇవ్వలేదు. బహ్రెయిన్ వచ్చి పందొమ్మిదేళ్లయింది. సల్మాబాద్ గ్యారేజీల వరసలో ఒక టైర్ల షాపులో పని, షాపు మీదే గది. ఆ గదిలో ఆరుగురు మనుషులు, నాలుగు భాషలు, ఒక ఏసీ. తెలుగువాడు ఎలియేజరు ఒక్కడే. అరువు తెచ్చుకున్న హిందీలో ఉప్పు అడగవచ్చు, పంచరు ఎక్కడో చెప్పవచ్చు, జ్వరం వచ్చిందని మొత్తుకోవచ్చు. కోతలు కోయడానికి మాత్రం సొంత భాషే కావాలి. ఒకసారి ఆ మేకు కథ హిందీలోకి దింపబోతే, పక్క మంచం పఠాను పాపమని లేచి, పెట్టెలోంచి నిజంగానే ఒక మేకు తెచ్చి ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున తెలుగు సహవాసం ఉంది. ప్రార్థన అయ్యాక పులిహోర పెడతారు, నలుగురూ కూర్చుంటారు. కానీ అక్కడ కథలన్నీ పాతబడిపోయాయి. ఎలియేజరు "తుని దగ్గర..." అనగానే సైమన్ అందుకుని మేకు దాకా తనే చెప్పేస్తాడు, అందరూ నవ్వుతారు. ఎలియేజరు కూడా నవ్వుతాడు. కథ చెప్పేవాడికి తన కథ ఇంకొకడి నోట వినడంకన్నా ఒంటరితనం ఉండదు. అయినా పులిహోర తినడం మానలేం కదా.

భార్య సుందరి కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. బహ్రెయిన్‌కీ కువైట్‌కీ మధ్య విమానంలో గంట. ఆమె యజమాని సెలవిచ్చే నెలలో ఇతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇవ్వడు, ఇతనికి దొరికినప్పుడు ఆమెకి దొరకదు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఒకే కప్పు కింద ఉన్న రోజులన్నీ కుప్ప పోస్తే అయిదేళ్లకి మించవు. కూతురు బ్లెస్సీ హాస్టళ్లలోనే పెరిగి, ఇప్పుడు కాకినాడలో నర్సు చదువుతోంది.

అటువంటి రోజుల్లో, జనవరి నెలలో, షాపు ముందుకి ఒక ఎర్ర కారు వచ్చి ఆగింది. తలుపులు రెండే. పైకప్పు నడుమెత్తు కూడా లేదు. దిగిన కుర్రాడు ఫోనులో ఎవరితోనో, "ఆఁ, టైర్ల షాపులో ఉన్నా. అన్నం తినేసెయ్, నాకోసం ఆగకు" అన్నాడు.

ఎలియేజరు చేతిలోని పానా కింద పడింది.

"బాబూ, తెలుగాండీ?"

"అవునండీ. మీరు?"

"ఆయ్, రావులపాలెమండి!"

"మాది రాజమండ్రి."

"ఓరి నాయనోయ్! గోదారికి ఈ గట్టూ ఆ గట్టూను!"

కుర్రాడి పేరు రాఘవ్. ఒక బ్యాంకు ఆఫీసులో మంచి ఉద్యోగం. కారు అమెరికాలో కొంతకాలం తిరిగి, ఓడెక్కి ఇక్కడ దిగింది. దానికోసం ఇక్కడే ఎవరి దగ్గరో వెడల్పాటి రిమ్ములు టైర్లతో సహా కొన్నాడు. అవి మార్చాలి. మర్నాడు సఖీర్ రేసు ట్రాకు మీద మామూలు జనాన్ని కూడా సొంత కార్లతో తిరగనిచ్చే రోజు. స్నేహితులంతా వస్తున్నారు.

చక్రాలు మార్చడానికి గంట పట్టలేదు. కారు స్టార్టు చేసి నాలుగు వీధులు తిరిగి వచ్చేసరికి ముందు పసుపు దీపం వెలిగింది. చక్రాల్లో గాలి సంగతి తెలియడం లేదని దాని అర్థం.

సంగతి ఏమిటంటే, ఇలాంటి కార్ల ప్రతి చక్రంలోనూ, గాలి కొట్టే వాల్వుకి లోపలి వైపున, అగ్గిపెట్టెంత సెన్సరు ఉంటుంది. గాలి ఎంతుందో అది వైరు లేకుండా కారుకి చెబుతూ ఉంటుంది. గాలి తగ్గినా, సెన్సరు మాట వినపడకపోయినా, దీపం వెలుగుతుంది. అమెరికా కారు చెవి మూడు వందల పదిహేను మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టి ఉంది. కొత్త రిమ్ములు గల్ఫ్ కారువి. వాటిలో సెన్సర్లు నాలుగు వందల ముప్పై మూడు మీద అరుస్తాయి. రేడియోలో ఒక స్టేషను పెట్టుకుని ఇంకో స్టేషను పాట రావడం లేదంటే ఎలా? పోనీ పాత సెన్సర్లనే తీసి వీటిలో బిగిద్దామంటే, వాల్వు రంధ్రం వంపు వేరు. కూర్చోవు.

ఫోర్‌మన్ థామస్ మలయాళీ. ఒక్క ముక్కలో తేల్చేశాడు. "సరైన సెన్సర్లు తెప్పించాలి సార్. ఇరవై రోజులు."

"రేపు పొద్దున కదండీ నాకు కావాలి! ఆ పసుపు దీపం కళ్లెదురుగా ఉంటే నేను నడపలేను." రాఘవ్ మొహం వాడిపోయింది.

ఎలియేజరు దగ్గరికి వచ్చి, తెలుగులో, మెల్లిగా, "సాయంత్రం రండి బాబూ. ఆడికేం తెలుసు? నాకొదిలెయ్యండి" అన్నాడు.

ఆ మాట అన్నది నోరు కాదు, పందొమ్మిదేళ్ల ఉపవాసం.

థామస్ మధ్యాహ్నం బ్యాంకు పనిమీద వెళ్లగానే ఎలియేజరు జానెడున్నర పీవీసీ గొట్టం కోశాడు. పాత సెన్సర్లు నాలుగూ అందులో వేశాడు. రెండు వైపులా మూతలు అతికించి, ఒక మూతకి వాల్వు బిగించి, ముప్పై నాలుగు దాకా గాలి కొట్టాడు. ఈ విద్య ఎప్పుడో ఒక పాత మేస్త్రీ దగ్గర చూసి పట్టాడు. సెన్సర్లు ఆ కారువే, దానికి పరిచయమైన గొంతులే. పాతరకం కాబట్టి చక్రంలో తిరగకపోయినా పలుకుతూనే ఉంటాయి. గొట్టాన్ని డిక్కీలో తివాచీ కింద, చిన్న గుంటలో పెట్టి, పైన గుడ్డలు కప్పాడు. దీపం ఆరిపోయింది. స్క్రీను మీద నాలుగు చక్రాలకీ నాలుగు ముప్పై నాలుగులు. ఇక చక్రాల్లో గాలి ఉన్నా, పోయినా, చక్రాలే పోయినా, కారు ముప్పై నాలుగనే చెబుతుంది.

సాయంత్రం రాఘవ్ స్క్రీను చూసి, "ఎలా చేశారండీ?" అన్నాడు.

"ఏం లేదండి. ఆ గల్ఫ్ సెన్సర్లకి అమెరికా మాట నేర్పాను. మూడు నేర్చేసుకున్నాయి. నాలుగోది మొండిది, రెండు దెబ్బలెయ్యాల్సొచ్చింది."

"నిజం చెప్పండి!"

"మేస్త్రీ రహస్యాలు అడక్కూడదు బాబూ. విద్య పోద్ది."

రాఘవ్ పడీపడీ నవ్వాడు. ఎన్నో ఏళ్లకి ఒక కొత్త మనిషి నవ్వాడు.

ఆ వచ్చే శుక్రవారమే భోజనానికి రమ్మన్నాడు. బుదైయాలో, తోటల పక్కన చిన్న విల్లా. భార్య తన్మయి సల్మానియా ఆసుపత్రిలో కళ్ల డాక్టరు. ఊరు కాకినాడ. గుమ్మంలోనే, "రండి బాబాయ్ గారూ! సెన్సర్లని కొట్టి మాట నేర్పింది మీరేనట!" అంది. అంతే, ఎలియేజరు మనిషే మారిపోయాడు. మేకు కథ కొత్తగా చెప్పాడు. సముద్రం మీది వంతెన దాటుతుంటే ఒక పెద్దాయన కారు టైర్లు నాలుగూ పేలిపోతే, తను నోటితో ఊది సౌదీ గట్టు చేర్చిన కథ అప్పటికప్పుడు పుట్టించాడు.

"నాలుగూ నోటితోనేనా బాబాయ్ గారూ?"

"మూడేనమ్మా. నాలుగోదానికి ఊపిరి చాలక దండం పెట్టాను."

తన్మయి గరిటె పట్టుకుని నవ్వుతూ ఇంకో చేప ముక్క వేసింది. వేరే మనిషి చేత్తో తన కంచంలో కూర పడటం చూసి ఎలియేజరు తల పక్కకి తిప్పుకుని దగ్గాడు. ముల్లు అడ్డం పడిందన్నాడు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం ప్రార్థన కాగానే పులిహోర కోసం ఆగకుండా బస్సెక్కేవాడు. ఒక పని మాత్రం మరిచేవాడు కాదు. గంట కొట్టడానికి ముందు, గోడవార నిలబెట్టిన ఎర్ర కారు పక్కన గొంతుకూర్చుని, జేబులోని గేజీతో నాలుగు చక్రాల గాలీ చూసుకునేవాడు. ఒకటో రెండో తగ్గితే, "ఊరికే ఓసారి చూద్దామండి" అని కారులో ఉండే చిన్న పంపు అడిగి సరిచేసేవాడు. గొట్టం అబద్ధాన్ని వారానికోసారి తన చేత్తో నిజం చేస్తున్నాడన్నమాట. అయిదు నెలలు అలా గడిచాయి. ఏ శుక్రవారమూ మానలేదు. జ్వరమొచ్చినా వెళ్లాడు.

జూన్ మొదటివారం, ఒక బుధవారం, రాఘవ్ ఫోను చేశాడు.

"బాబాయ్, ఈ శుక్రవారం తప్పకుండా రావాలి. ఆదివారం లండన్ వెళ్తున్నా, మూడు నెలలు. తన్మయి చిన్న కారు లీజు అయిపోయింది, తిరిగిచ్చేస్తున్నాం. ఇక డ్యూటీకి ఎర్ర కారే. టైర్ల గురించి భయపడుతుంటే చెప్పా, దీపం వెలగనంతవరకు వాటి జోలికే పోవద్దని. బాబాయ్ చేసిన పని కదా!"

ఎలియేజరు "ఆయ్" అన్నాడు.

మగవాడు లేని ఇంటికి, ఒంటరిగా ఉన్న ఆడపిల్ల దగ్గరికి, వారం వారం భోజనానికి వెళ్లే పద్ధతి లేదు. ఆమె రమ్మన్నా అతను వెళ్లడు. అంటే మూడు నెలలు ఆ చక్రాలు చూసే దిక్కు లేదు. జూన్, జూలై, ఆగస్టు. రోడ్డు పెనంలా కాలే నెలలు. పక్కగోడ అంత పొట్టిగా ఉన్న టైరు గాలి తగ్గి హైవే మీద వేడెక్కితే ఏమవుతుందో పందొమ్మిదేళ్లుగా చూస్తున్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

గురువారం సుందరికి ఫోను చేశాడు. ఆమె వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. మొత్తం విని, "గొట్టమా?" అంది.

"గొట్టమే."

"ఆ అమ్మాయి మన బ్లెస్సీ అంత ఉంటదా?"

"కొంచెం పెద్దది."

"మరి నన్నేం అడుగుతావయ్యా?"

"చెప్తే ఆ గుమ్మం మళ్లీ తొక్కనివ్వరే."

"తొక్కనివ్వరు."

"అలా అంటావేంటే?"

"ఎలా అనమంటావు? నేను మాత్రం ఇక్కణ్నించి కూరొండి పంపగలనా నీకు? మేడం పిలుస్తంది, పెట్టేస్తున్నా." పెట్టేసింది.

రాత్రంతా ఆలోచించి ఎలియేజరు ఒక దారి కనిపెట్టాడు. కోతలు కోసేవాడికి దారులు కరువా? కారు తాళం అడిగి, డిక్కీలో ఏదో చూసే నెపం మీద గొట్టంలో గాలి వదిలేస్తాడు. దీపం వెలుగుతుంది. "సెన్సర్ల బ్యాటరీ అయిపోయింది బాబూ, కొత్తవి తెప్పిస్తాను" అంటాడు. సరైనవి తెప్పించి బిగిస్తాడు. ఎవరి మర్యాదా పోదు, కూరా పోదు. అబద్ధం అంటే ఇలా ఉండాలి, పుట్టినప్పటినుంచి నిజమే అన్నట్టు!

శుక్రవారం గోడ పక్కన గొంతుకూర్చుని గేజీ పెట్టాడు. కుడివైపు వెనక చక్రం ఇరవై నాలుగు. చెయ్యి పెట్టి తడిమితే టైరు మధ్యలో చిన్న స్క్రూ తల తగిలింది. లోపల స్క్రీను మీద అదే చక్రం ముప్పై నాలుగు అని ఉంటుంది. లేచి గంట కొట్టాడు.

ఇల్లంతా సూట్‌కేసులు. తన్మయి వంటింట్లోంచే, "బాబాయ్ గారూ, కూర్చోండి, పులస కాదుగానీ ఇక్కడి హామూరు చేప పులుసు!" అంది. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లిన ఎలియేజరు దాని తలుపు మీద అంటించిన కాగితం చూశాడు. మూడు నెలల ఒంటరి కాపురానికి తన్మయి రాసుకున్న పట్టిక. గ్యాస్ వాడి నంబరు, ఏసీ వాడి నంబరు, ఇంటి ఓనరు. నాలుగో వరసలో: "టైర్ల దీపం వెలిగితే - ఎలియేజరు బాబాయ్." కింద అతని నంబరు.

సీసా చేతిలోనే ఉండిపోయింది. రాత్రంతా కుట్టిన అబద్ధం ఒక్క కుట్టు కూడా మిగలకుండా ఊడిపోయింది.

"బాబూ, అమ్మా, ఇద్దరూ ఓసారి కూచోండి. ఆ కారులో సెన్సర్లకి నేనేమీ నేర్పలేదండి. పాత సెన్సర్లు గొట్టంలో పెట్టి, గాలి కొట్టి, డిక్కీలో దాచాను. కారుకి వినపడేది ఆ గొట్టం మాటే. చక్రాల మాట కాదు."

తన్మయి పగలబడి నవ్వింది.

"గొట్టంలోనా! ఇది మేకు కథకన్నా బాగుంది బాబాయ్ గారూ!"

"మరి గొట్టం పంచరైతే?" అన్నాడు రాఘవ్, కళ్లు తుడుచుకుంటూ.

"నిజమండి బాబూ."

"అదే, మీరు ఎప్పుడూ నిజమే చెప్తారుగా!"

"తాళం ఇవ్వండి" అన్నాడు ఎలియేజరు. అతని గొంతు విని రాఘవ్ నవ్వు సగంలో ఆగింది.

ముగ్గురూ ఎండలోకి వచ్చారు. ఎలియేజరు డిక్కీ తెరిచి తివాచీ ఎత్తి, గుడ్డలు తీసి, తెల్లటి గొట్టం బయటికి తీశాడు. రాఘవ్‌ని ఇంజను వేసి స్క్రీను చూడమన్నాడు. వాల్వు నొక్కి పట్టుకున్నాడు. గాలి బుస్సుమని పోతూ ఉంది. మొత్తం పోయాక కాసేపు ఏమీ కాలేదు. తర్వాత కారు టంగుమంది. నాలుగు ముప్పై నాలుగులూ ఒక్కొక్కటే ఎర్రబడి సున్నాలయ్యాయి. నాలుగు చక్రాల మీదా కారు మామూలుగా నిలబడే ఉంది.

రాఘవ్ ఇంజను ఆపాడు. దిగి, "పోయిన నెల అత్తగారిని ఎక్కించుకుని దమ్మాం వెళ్లొచ్చాం. వంతెన మీద నూట ముప్పై కొట్టాను" అన్నాడు.

"ముందురోజు నేను గాలి చూశానండి బాబూ. వారం వారం చూస్తూనే ఉన్నాను."

"మీరు చూశారు. నాకు తెలీదుగా."

ఎలియేజరు గొట్టాన్ని డిక్కీ అంచు మీద పెట్టాడు.

"ఆ వెనక చక్రంలో స్క్రూ ఉందమ్మా. ఇరవై నాలుగుకి వచ్చేసింది" అన్నాడు తన్మయి వైపు తిరిగి. ఆమె అతన్ని చూడటం లేదు. గొట్టాన్ని చూస్తోంది. కళ్ల డాక్టరు కదా, దేన్నైనా దగ్గరగా చూసే అలవాటు. తర్వాత లోపలికి వెళ్లిపోయింది. రాఘవ్ కూడా.

ఎలియేజరు వెంట తెచ్చుకున్న సంచిలోంచి పంచరు సామాను తీశాడు. ఆ ఎండలో మోకాళ్ల మీద కూర్చుని స్క్రూ లాగి, రబ్బరు పుల్ల దూర్చి, కారులోని చిన్న పంపుతో గాలి నింపాడు. ఆ పంపు చిన్నది, అరగంట పట్టింది. సముద్రపు ఉక్కకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఎవరూ నీళ్లు తేలేదు. పని అయిపోతుండగా తలుపు కొంచెం తెరుచుకుంది.

"అయ్యాక గేటు దగ్గరకి వేసి వెళ్లండి" అంది తన్మయి. బాబాయ్ అనలేదు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. వంటింట్లోంచి పులుసు వాసన వస్తూనే ఉంది.

శనివారం ఎలియేజరు థామస్ కాళ్లావేళ్లా పడి సరైన సెన్సర్లకి ఆర్డరు పెట్టించాడు. థామస్ విషయం విని అయిదు నిమిషాలు మలయాళంలో తిట్టాడు. ఆ భాష రాకపోవడం ఆ రోజుకి ఎలియేజరు అదృష్టం. సెన్సర్లు వచ్చేసరికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ ఇరవై రెండు రోజులూ తన్మయి ఎవరి కారులో డ్యూటీకి వెళ్లిందో అతనికి తెలియదు. ఫోను చేసి అడిగే ముఖం లేదు.

థామస్ కబురు పెడితే, ఆ గురువారం మధ్యాహ్నం ఎర్ర కారు షాపు ముందు ఆగింది. తన్మయి థామస్‌తో మాట్లాడి లోపల కుర్చీలో కూర్చుంది. పని ఎలియేజరే చేశాడు. నాలుగు టైర్లూ రిమ్ముల నుంచి విడదీశాడు. వాల్వు వంపు సరిచూసి ఒక్కో సెన్సరూ బిగించాడు. కారుకి వాటి నంబర్లు పరిచయం చేశాడు. ఒకటి మొదట పలకలేదు. రెండోసారి పలికింది. ఈసారి దాని గురించి అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు. థామస్ కారు తీసుకుని హైవే దాకా వెళ్లి వచ్చాడు. దీపం లేదు. స్క్రీను మీద ముప్పై మూడు, ముప్పై అయిదు, ముప్పై నాలుగు, ముప్పై మూడు.

తన్మయి లేచి వచ్చి, షాపు గోడకి వేలాడే పెద్ద గేజీ అడిగి తీసుకుంది. చున్నీ నడుముకి దోపుకుని, ఆ వేడి నేల మీద వంగి, నాలుగు చక్రాలకీ తనే గేజీ పెట్టింది. ఒక్కోటీ చూసి, లోపలికి తొంగి స్క్రీను చూసింది. మళ్లీ వంగింది. షాపులో అందరూ పని ఆపి చూశారు. ఎలియేజరు మాత్రం కంప్రెసర్ పక్కన నిలబడి, పరీక్ష రాసి బయట నిలబడ్డ పిల్లాడిలా చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"సరిపోయాయి" అంది తన్మయి. ఎవరితో అన్నదో తెలియలేదు. థామస్‌కి గేజీ ఇచ్చి, కారెక్కి వెళ్లిపోయింది.

"యల్లా, యల్లా!" అని థామస్ అందర్నీ తొందరపెడుతూ చప్పట్లు కొట్టాడు. నీళ్ల ట్యాంకరు ఒకటి వచ్చి ఆగింది. ఎలియేజరు జాకీ లాగుతూ అటు నడిచాడు.

మర్నాడు శుక్రవారం. ప్రార్థన అయ్యాక పులిహోర పెట్టారు. సైమన్ పక్కన చోటు చూపించి, "ఏం అన్నయ్యా, ఈమధ్య బస్సుకి పరిగెత్తట్లేదే? కూచో, ఏదన్నా చెప్పు" అన్నాడు.

"ఏం లేదు తమ్ముడూ" అన్నాడు ఎలియేజరు. సైమన్ చూపించిన చోట కూర్చుని, విస్తరాకు దగ్గరికి లాక్కుని పులిహోర తినడం మొదలుపెట్టాడు.